జెట్ లీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జెట్ లీ అసలు పేరు ఏమిటి? 'జెట్' అని ఎవరు పెట్టారు?

చైనా పోరాట చిత్రాల నటుడు జెట్ లీ అసలు పేరు లీ లియెన్‌జియె. మన తెలుగువారికి లాగే చైనావారికీ ఇంటిపేరు ముందు వస్తుంది, కాబట్టి 'లీ' ఇంటిపేరు. 1963 ఏప్రిల్ 26న బీజింగ్‌లో పుట్టారు. 1982లో ఆయన మొదటి సినిమాను ఫిలిప్పీన్స్‌లో విడుదల చేసేటప్పుడు అక్కడి ప్రచారకులకు ఆ పేరు నోరు తిరగలేదు. కుర్రవాడు విమానంలా పైకి లేస్తున్నాడు కదా అని పోస్టర్ల మీద 'జెట్ లీ' అని వేశారు. అదే స్థిరపడిపోయింది. చైనాలో మాత్రం ఇప్పటికీ ఆయన లీ లియెన్‌జియేనే.

ఆయనను నటుడు అనాలా, క్రీడాకారుడు అనాలా?

ముందు క్రీడాకారుడు, తరువాతే నటుడు. ఈ వరుస మరచిపోతే ఆయన సినిమాలు సగమే అర్థమవుతాయి. కెమెరా ముందుకు రాక మునుపే ఆయన చైనా యుద్ధకళ అయిన వుషు జాతీయ పోటీల్లో ఐదుసార్లు సమగ్ర విజేత, అంటే అన్ని అంశాల మార్కులూ కలిపి మొదటివాడు. తెర మీద ఆయన కాలు లేపిన తీరు, దిగిన తీరు, దిగిన తరువాత కదలకుండా నిలబడిన తీరు, అన్నీ పోటీ తివాచీ మీద న్యాయనిర్ణేతల ఎదుట అలవడినవే.

వుషు, కుంగ్‌ఫూ ఒకటేనా?

చైనా భాషలో 'వుషు' అంటే యుద్ధకళ. 'కుంగ్‌ఫూ' అంటే శ్రమపడి, కాలం వెచ్చించి సంపాదించిన నేర్పు. వంటలోనూ చిత్రలేఖనంలోనూ కుంగ్‌ఫూ ఉండవచ్చు. మన మాటల్లో వుషును 'సాము' అనీ, కుంగ్‌ఫూను 'సాధన' అనీ అనుకుంటే దగ్గరగా ఉంటుంది.

అయితే 1949 తరువాత చైనా ప్రభుత్వం ఊరూరా, గురువు గురువుకూ వేరుగా ఉన్న పాత విద్యలను కూర్చి, నియమాలు రాసి, మార్కులు వేసే క్రీడగా మలిచింది. నేడు వుషు అన్నప్పుడు ఎక్కువగా ఈ క్రీడనే ఉద్దేశిస్తారు. ఇందులో రెండు పాయలున్నాయి. తావొలు అంటే ముందుగా కూర్చుకున్న వరుసను ప్రదర్శించడం. సాండా అంటే ఎదుటి మనిషితో నిజంగా తలపడటం. జెట్ లీది తావొలు.

తావొలు పోటీలో ఏం చేస్తారు? ఎదురుగా ఎవరూ లేకుండా గెలుపోటములు ఎలా తేలుస్తారు?

ఈ ప్రశ్నకు కొంచెం నిదానంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది.

14 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న తివాచీ పరచి ఉంటుంది. క్రీడాకారుడు ఒక్కడే దాని మీదికి వచ్చి, నిమిషంన్నరకు కాస్త అటూ ఇటూగా ఒక వరుస చేసి చూపిస్తాడు. ఉత్తరాది శైలి అయిన చాంగ్‌చువాన్‌లో బారు చాపిన చేతులు, ఎత్తైన తన్నులు, గాలిలో తిరిగే గెంతులు ఉంటాయి. దక్షిణాది నాన్‌చువాన్‌లో కాళ్ళు నేలలో పాతుకున్నట్టు ఉండి, పని అంతా చేతులే చేస్తాయి. నెమ్మదిగా సాగే తైచీ మనకు తెలిసినదే. ఆయుధాలలో ఒకవైపు పదునున్న వంపు కత్తి, రెండువైపులా పదునున్న తిన్నని ఖడ్గం, కర్ర, బల్లెం ముఖ్యమైనవి. బల్లేనికి వాడే కర్ర బాగా వంగుతుంది. మొన కింద ఎర్రని కుచ్చు ఉంటుంది. అది అలంకారానికి మాత్రమే కాదు, మొన ఎటు వస్తున్నదో ఎదుటివాడికి కనిపించకుండా చేయడానికి కూడా.

ఇప్పటి అంతర్జాతీయ నియమాల ప్రకారం మార్కులు పదికి. కదలికల నాణ్యతకు 5, మొత్తం ప్రదర్శనకు 3, కష్టమైన గెంతులకూ వాటి తరువాత నిలదొక్కుకోవడానికీ 2. జెట్ లీ పోటీపడిన కాలంలో కష్టానికి ఇలా విడి లెక్క లేదు. అప్పుడైనా ఇప్పుడైనా నిర్ణేతలు వెతికేది ఒక్కటే. మన నాట్యగురువుల దగ్గర దానికి చక్కని మాట ఉంది: అంగశుద్ధి. గుర్రపు స్వారీ భంగిమలో తొడ నేలకు సమాంతరంగా ఉందా? కత్తి ఆగిన క్షణానికే చూపు కూడా ఆగిందా? గాలిలో తిరిగి దిగిన పాదం జారిందా? వెంట్రుకవాసి తేడాకు కూడా మార్కు పోతుంది.

ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఇలాంటి చూపుల మధ్య పెరిగిన శరీరం ఎలా తయారవుతుందో ఆలోచించండి. చాలామంది పోరాట నటుల అందం వారి వేగంలో ఉంటుంది. జెట్ లీ అందం ఆయన ఆగడంలో ఉంటుంది.

ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఇందులోకి ఎలా వచ్చాడు? ఆయనే కోరుకున్నారా?

లేదు. 1971 వేసవి సెలవుల్లో బీజింగ్ బడిపిల్లలను క్రీడా పాఠశాలకు పంపారు. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క ఆట కేటాయించారు. ఆయన తరగతికి వుషు వచ్చింది. ఆ తరగతికి ఈతను కేటాయించి ఉంటే ఈ పేజీయే ఉండేది కాదు. సెలవులు అయిపోయాక చాలామందిని ఇంటికి పంపి, పనికివస్తారనుకున్న కొద్దిమందిని అట్టిపెట్టుకున్నారు. అందులో ఆయన ఒకరు.

ఆయనకు రెండేళ్ళు నిండేటప్పటికే తండ్రి పోయారు. ఐదుగురు పిల్లల్లో ఆయనే చిన్నవాడు, సంసారాన్ని తల్లి ఒక్కతే లాక్కొచ్చింది. కోచ్ వూ బిన్ ఈ పిల్లవాడి ప్రతిభను కనిపెట్టారు. అంత కఠిన సాధనకు మంచి తిండి కావాలనీ, ఆ ఇంట్లో మాంసం కొనే స్తోమత లేదనీ తెలిసి, తానే కొని ఆ కుటుంబానికి అందించేవారు. అదే వూ బిన్ శిక్షణలో మాత్రం కనికరం చూపేవారు కాదు. శిష్యుడి ఇంట పొయ్యి వెలుగుతున్నదో లేదో పట్టించుకుని, తెల్లవారాక అదే శిష్యుడిని కూలబడేదాకా సాధన చేయించిన ఇలాంటి గురువులు మన తాలింఖానాల కథల్లోనూ కనిపిస్తారు.

పోటీల్లో ఆయన సాధించినది ఏమిటి?

1974లో, పదకొండేళ్ళకే, జాతీయ స్థాయిలో మొదటిసారి విజేతగా పేరు వచ్చింది. 1975లో చైనా మూడవ జాతీయ క్రీడల్లో తనకంటే ఎంతో పెద్దవారితో తలపడి సమగ్ర విజేత అయ్యారు. ఆ పోటీల ప్రాథమిక దశలోనే తన కత్తి తన తలకే తగిలింది. కారుతున్నది చెమట అనుకుని వరుస పూర్తిచేశాననీ, అది రక్తమని తరువాతే తెలిసిందనీ ఆయన చెప్పుకున్నారు. 1979 వరకు ఆ సమగ్ర విజేత స్థానం ఆయనదే. పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో పోటీలు మానేశారు. అప్పటికే మోకాళ్ళు దెబ్బతిన్నాయి.

అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌తో జరిగిన సంభాషణ నిజమేనా?

1974లో చైనా వుషు బృందం అమెరికాలో పర్యటించి, వైట్‌హౌస్ పచ్చికలో ప్రదర్శన ఇచ్చింది. ఇది నిజం. పెద్దయ్యాక నాకు అంగరక్షకుడిగా ఉంటావా అని నిక్సన్ సరదాగా అడిగితే, ఒక్క మనిషిని కాదు, కోట్లాది నా దేశ ప్రజలను కాపాడాలని ఉంది అని ఆ పదకొండేళ్ళ పిల్లవాడు బదులిచ్చాడనేది జెట్ లీ స్వయంగా అనేకసార్లు చెప్పిన మాట. మావో నడిపిన సాంస్కృతిక విప్లవం ఇంకా ముగియని రోజులవి. ఆ కాలపు బీజింగ్ బడిలో చదివిన పిల్లవాడి నోట అలాంటి జవాబు రావడం సహజమే అనిపిస్తుంది.

సినిమాల్లోకి ఎలా వచ్చారు?

'షావోలిన్ టెంపుల్' ద్వారా. 1982లో విడుదలైన ఈ చిత్రానికి దర్శకుడు చాంగ్ షిన్-యెన్. హాంకాంగ్ సంస్థ తీసినా, చిత్రీకరణ చైనా ప్రధాన భూభాగంలో, హెనాన్ రాష్ట్రంలోని అసలు షావోలిన్ ఆలయంలో జరిగింది. కథ టాంగ్ చక్రవర్తి లీ షిమిన్‌కు సాయపడిన షావోలిన్ సన్యాసుల ఐతిహ్యం.

ఈ సినిమా గొప్పతనం కథలో లేదు, తారాగణంలో ఉంది. ముఖ్యపాత్రలన్నీ నిజమైన వుషు క్రీడాకారులవే. గురువుగా నటించిన యూ హాయ్ షాన్‌డాంగ్ బృందానికి చెందిన ప్రేయింగ్ మాంటిస్ (ఒక కీటకం కదలికలను పోలిన) శైలి నిపుణుడు. ప్రతినాయకుడు యూ చెంగ్‌హుయ్ ఖడ్గవిద్యలో దిట్ట. ఋతువులు మారుతుండగా కథానాయకుడు సాధన చేసే ఘట్టంలో కత్తిరింపులు తక్కువ, దూరపు షాట్లు ఎక్కువ. శరీరం తల నుంచి పాదం దాకా చట్రంలో కనిపిస్తుంది. తివాచీ మీద నిర్ణేత ఏది చూస్తాడో ప్రేక్షకుడికీ అదే కనిపిస్తుంది.

నటులకు రోజుకు ఒక యువాన్ (చైనా కరెన్సీ) భత్యం. టికెట్ ధర యువాన్‌లో పదో వంతు. అంత చవక టికెట్ల మీదే పది కోట్ల యువాన్లకు పైగా వసూలైంది. అంటే ఎన్ని కోట్ల మంది, ఎన్నెన్ని సార్లు చూసి ఉంటారో లెక్క వేసుకోండి. శిథిలావస్థలో ఉన్న ఆలయానికి యాత్రికులు పోటెత్తారు. దగ్గరి డెంగ్‌ఫెంగ్ పట్టణం వీధి వీధికీ కుంగ్‌ఫూ బడులతో నిండిపోయింది. షావోలిన్‌లో చేరతామని ఇల్లు వదిలి పారిపోయి వచ్చిన పిల్లలు కూడా ఉన్నారు.

షావోలిన్‌కు మన దక్షిణాది బోధిధర్ముడితో సంబంధం ఉందంటారు. నిజమేనా?

బోధిధర్ముడు దక్షిణ భారతం నుంచి వెళ్ళాడని సంప్రదాయం చెబుతుంది. చాన్ బౌద్ధానికి (జపాన్‌లో దీన్నే జెన్ అంటారు) ఆయనను మూలపురుషుడిగా భావిస్తారు. కానీ షావోలిన్ సన్యాసులకు పోరాట విద్య నేర్పింది ఆయనే అనే కథ చాలా శతాబ్దాల తరువాత పుట్టింది. చరిత్రకారులు దాన్ని అంగీకరించరు. సూర్య నటించిన 'సెవెన్త్ సెన్స్' చూసిన మన ప్రేక్షకులు దాన్ని చరిత్రగా తీసుకోకుండా ఐతిహ్యంగా ఆస్వాదించడం మంచిది.

అంత పెద్ద విజయం తరువాత కొన్నేళ్ళు వెనకబడ్డారెందుకు?

షావోలిన్ పేరుతో మరో రెండు చిత్రాలు, 1984లో ఒకటి, 1986లో ఒకటి వచ్చాయి. ఆ తరువాత తానే దర్శకత్వం వహించిన 'బార్న్ టు డిఫెన్స్' ఆడలేదు. అమెరికా నేపథ్యంలో చేసిన ఒకటి రెండు సినిమాలూ పేరు తేలేదు. క్రీడాకారుడిగా అన్నీ గెలిచిన మనిషికి, నటుడిగా ఏమి చేయాలో తెలియని కాలం అది. ఆ కాలంలోనే మొదటి వివాహం కూడా ముగిసింది. 1999లో నటి నీనా లీని పెళ్ళాడారు.

వాంగ్ ఫీ-హంగ్ పాత్ర అంత ముఖ్యమైనది ఎందుకు?

వాంగ్ ఫీ-హంగ్ నిజంగా జీవించిన మనిషి. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని ఫోషాన్‌కు చెందిన వైద్యుడు, హుంగ్‌గార్ శైలి గురువు. క్వాన్ తక్-హింగ్ అనే నటుడు 1949 నుంచి డెబ్భైకి పైగా సినిమాల్లో ఆ పాత్ర వేసి, హాంకాంగ్ ప్రజలకు ఆయనే వాంగ్ ఫీ-హంగ్ అయిపోయారు. మనకు రాముడూ కృష్ణుడూ అనగానే ఎన్టీఆర్ ముఖం కళ్ళముందు కదిలినట్టే. అలాంటి పాత్రకు 1991లో దర్శకుడు సూయ్ హార్క్ ఒక ఉత్తరాది కుర్రవాడిని తీసుకున్నారు. హాంకాంగ్ భాష కాంటొనీస్ కాగా, అది మాతృభాష కాని జెట్ లీకి వేరొకరు గొంతు ఇవ్వవలసి వచ్చింది. హుంగ్‌గార్ దక్షిణాది శైలి, ఈయనదేమో ఉత్తరాది చాంగ్‌చువాన్.

అయినా 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ చైనా' ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. నా దృష్టిలో దానికి కారణం తన్నులు కాదు, నిలబడటం. పొడవాటి అంగీ అంచును పక్కకు తోసి, ఒక చేయి ముందుకు చాచి, అరచేయి పైకి తిప్పి ఎదుటివాడిని ఆహ్వానించే ఆ భంగిమలో మర్యాద ఉంది, హెచ్చరిక కూడా ఉంది. క్రీడాకారుడి అంగశుద్ధి మొదటిసారి పాత్ర గుణంగా మారింది అక్కడే.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ చిత్రం తీస్తుండగా ఆయన కాలికి తీవ్ర గాయమైంది. ప్రసిద్ధమైన చివరి నిచ్చెనల పోరాటంలో కొన్ని భాగాలు హుంగ్ యాన్-యాన్ అనే మరో యోధుడు చేశారు. తరువాత సిరీస్‌లో జెట్ లీ మూడో భాగం వరకు ఉండి, నాలుగు, ఐదు భాగాల్లో లేరు. 1997లో ఆరో భాగానికి తిరిగి వచ్చారు.

హాంకాంగ్ రోజుల్లో ఆయన మేనేజర్ హత్యకు గురయ్యారట?

అవును. 1992 ఏప్రిల్‌లో మేనేజర్ జిమ్ చోయ్‌ను హాంకాంగ్‌లో కాల్చి చంపారు. అక్కడి చిత్రసీమను నేరముఠాలు పట్టి పీడించిన కాలమది. అదే ఏడాది వందలాది సినీ కళాకారులు ముఠాలకు వ్యతిరేకంగా వీధిలోకి వచ్చి ఊరేగింపు తీశారు. బయటికి ఎంతో వెలుగుగా కనిపించే ఆ స్వర్ణయుగం వెనుక ఇంత భయం ఉండేది.

బ్రూస్ లీ, జాకీ చాన్, జెట్ లీలలో ఎవరు గొప్ప?

ఎవరు గొప్ప అని కాకుండా, ఎవరు ఏ బడి నుంచి వచ్చారు అని అడిగితే మంచి జవాబు దొరుకుతుంది. బ్రూస్ లీ హాంకాంగ్‌లో వింగ్‌చున్ అనే దక్షిణాది శైలి నేర్చి, నియమాలను విరగ్గొట్టి తన పద్ధతి తాను కట్టుకున్నారు. జాకీ చాన్ చైనా సంప్రదాయ నాటకశాలలో పెరిగారు. మన సురభి పిల్లల్లా చిన్ననాటి నుంచి రంగస్థలమే ఇల్లు. అందుకే ఆయన పోరాటంలో హాస్యం, కుర్చీలు, నిచ్చెనలు. జెట్ లీ ప్రభుత్వ క్రీడా వ్యవస్థ బిడ్డ. అందుకే ఆ శుద్ధి.

బ్రూస్ లీ 1973 జులైలో మరణించేనాటికి జెట్ లీకి పదేళ్ళు. బ్రూస్ లీ 1972లో చేసిన చెన్ జెన్ పాత్రనే జెట్ లీ 1994లో 'ఫిస్ట్ ఆఫ్ లెజెండ్'లో చేశారు. దానికి పోరాటాలు కూర్చిన యూన్ వూ-పింగ్‌నే తరువాత 'మేట్రిక్స్' దర్శకులు పిలిపించుకున్నారు. చెన్ జెన్ కల్పిత పాత్ర. అతని గురువు హువో యువాన్‌జియా మాత్రం చరిత్రలో ఉన్న మనిషి. 2006లో 'ఫియర్‌లెస్'లో ఆ గురువు పాత్రనూ జెట్ లీయే వేశారు. అంటే శిష్యుడైన పన్నెండేళ్ళకు గురువయ్యారు.

నిజ జీవితంలో ఆయన కొట్లాడగలరా?

ఆయన గెలిచినవి ప్రదర్శన పోటీలు, తలపడే పోటీలు కావు. చైనాలో సాండాను క్రీడగా ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిందే 1979లో. అప్పటికి ఆయన పోటీ జీవితం ముగింపుకు వచ్చింది. కాబట్టి బరిలో దిగి ఎవరినో ఓడించారని చెప్పే కథలను నమ్మనవసరం లేదు. ఇది ఆయనకు తక్కువేమీ కాదు. ధనుర్విద్య పోటీలో గెలిచినవాడిని యుద్ధంలో ఎందరిని చంపావని అడగం కదా.

హాలీవుడ్‌లో ఆయన ప్రయాణం ఎలా సాగింది?

1998లో 'లీథల్ వెపన్ 4'తో మొదలైంది. ప్రతినాయకుడి పాత్ర వేయడం ఆయనకు అదే తొలిసారి. ఆ తరువాత 'రోమియో మస్ట్ డై', 'కిస్ ఆఫ్ ది డ్రాగన్', 'ది వన్' వచ్చాయి. 'ది వన్'లో ఒకే మనిషికి రెండు రూపాలు. చెడ్డవాడు ముందుకు దూసుకుపోయే షింగ్‌యీ శైలిలో, మంచివాడు గుండ్రంగా తిరిగే బాగువా శైలిలో పోరాడతారు. సాము తెలిసినవాడు మాత్రమే ఇలా గుణాన్ని అడుగుల్లో చూపగలడు. కానీ మొత్తం మీద హాలీవుడ్ ఆయనను సరిగా వాడుకోలేదనే నా బాధ. తీగలు కట్టి ఎగరేసి, క్షణానికొక ముక్కగా కత్తిరించి, ఆయన ప్రత్యేకతైన ఆ ఆగడాన్ని చూపించకుండానే వదిలేశారు.

'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' సినిమా అవకాశం కూడా ముందు ఆయనకే వచ్చింది. భార్య గర్భవతిగా ఉండటంతో వద్దనుకున్నారు.

నటుడిగా ఆయనకు గుర్తింపు వచ్చిందా?

వచ్చింది, ఆలస్యంగా. 'ది వార్‌లార్డ్స్' చిత్రానికి 2008లో హాంకాంగ్ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ నటుడయ్యారు. 2010లో 'ఓషన్ హెవెన్'లో ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా, ఆటిజం ఉన్న కొడుకు తన తరువాత ఎలా బతుకుతాడోనని కుమిలే తండ్రిగా నటించారు. పోరాట నటుడిగానే ఆయనను ఎరిగినవారు ఈ సినిమా తప్పక చూడాలి.

సునామీలో చిక్కుకున్నారని విన్నాం. ఏమి జరిగింది?

2004 డిసెంబర్ 26న కుటుంబంతో మాల్దీవుల్లో ఉన్నారు. అదే ఉదయం మన ఆంధ్ర తీరాన్నీ, తమిళనాడు తీరాన్నీ ముంచెత్తిన సునామీయే అక్కడికీ వచ్చింది. చిన్న కూతురిని ఎత్తుకుని పరుగెత్తుతుండగా నీళ్ళు నోటిదాకా వచ్చాయి. అపరిచితులు చేయి అందించడంతో బయటపడ్డారు. పాదానికి గాయమైంది.

ఆ అనుభవం నుంచి 2007లో 'వన్ ఫౌండేషన్' పుట్టింది. ఒక్కొక్కరు నెలకు ఒక్క యువాన్ ఇవ్వాలన్నది దాని ఆలోచన. మొదటి సినిమాకు ఆయన తీసుకున్న రోజు భత్యం కూడా ఒక్క యువానే. 2008లో సిచువాన్ భూకంపం వచ్చినప్పుడు ఈ సంస్థ సహాయ కార్యక్రమాల్లో దిగింది. 2011లో ప్రజల నుంచి నేరుగా విరాళాలు సేకరించే హక్కుతో షెన్‌జెన్‌లో స్వతంత్ర సంస్థగా నమోదైంది. చైనాలో ఒక ప్రైవేటు సంస్థకు ఆ హక్కు దక్కడం చిన్న విషయం కాదు. ఆ కొన్నేళ్ళు ఆయన సినిమాల కంటే దీనికే ఎక్కువ కాలం ఇచ్చారు.

ఆయన ఆరోగ్యం ఎలా ఉంది?

థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే సమస్య ఉందని 2013లో బహిరంగంగా చెప్పారు. గుండె వేగం పెరుగుతుంది కాబట్టి కఠిన వ్యాయామం చేయకూడదు. పాత గాయాల వల్ల కాళ్ళు, వెన్ను కూడా ఇబ్బంది పెడుతున్నాయి. 2018లో టిబెట్‌లో ఒక అభిమానితో దిగిన ఫోటోలో బాగా వడలిపోయి కనిపించడంతో ప్రపంచమంతా కంగారుపడింది. ప్రాణాపాయమేమీ లేదని ఆయన మేనేజర్ చెప్పారు. 2020లో 'ములాన్'లో చక్రవర్తిగా కనిపించారు.

వుషు ఒలింపిక్స్‌లో ఉందా? మన దేశంలో ఆడతారా?

ప్రధాన ఒలింపిక్స్‌లో లేదు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల నుంచి ఆసియా క్రీడల్లో ఉంది. భారత్ తరఫున మణిపూర్ క్రీడాకారిణి రోషిబినా దేవి సాండా 60 కిలోల విభాగంలో 2018 జకార్తాలో కాంస్యం, 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడల్లో రజతం గెలిచారు.

ఇప్పుడే చూడటం మొదలుపెట్టేవారు ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

2002 నాటి 'హీరో'లో చదరంగశాల పోరాటంతో. వాన పడుతుంటుంది, అంధుడైన ముదుసలి వీణలాంటి వాద్యం మీటుతుంటాడు. జెట్ లీ చేతిలో ఖడ్గం, డానీ యెన్ చేతిలో బల్లెం. యౌవనంలో డానీ యెన్ కూడా బీజింగ్ వుషు బృందంతో సాధన చేసినవారే. కథ అడ్డు రాకుండా ఆ కొన్ని నిమిషాలు రెండుసార్లు చూడండి. మొదటిసారి ఆయుధాలను చూడండి. రెండోసారి జెట్ లీ పాదాలను మాత్రమే చూడండి.

ఆ తరువాత వెనక్కి వెళ్ళి 'షావోలిన్ టెంపుల్' పెట్టుకోండి. తీగలు లేవు, పక్కన పెద్ద తారలు లేరు. గుండు గీయించుకున్న ఒక బక్క కుర్రవాడు, చేతిలో కర్ర, ఆలయ ప్రాంగణం.